కొడుక్కి చెప్పని నంబరు

మా డిపోలో ఆయన్ని అసలు పేరుతో పిలిచేవాళ్ళు దాదాపు లేరు. అందరికీ ఆయన నిదానం. బస్సు ఆగినప్పుడల్లా అద్దంలో వెనక్కి చూస్తూ, ఎక్కేవాళ్ళతోనూ దిగేవాళ్ళతోనూ “నిదానం, నిదానం” అంటుండేవాడు. ఆ మాటే ఆయనకు పేరై కూర్చుంది. కొత్తగా చేరిన క్లర్కు ఒకడు అదే అసలు పేరనుకుని జీతాల పట్టీ అంతా వెతికి, అలాంటి డ్రైవరే లేడని తేల్చేశాడు.

ఆయన తోలే బస్సులో కుదుపుండేది కాదు. నిలబడ్డవాళ్ళు కూడా కునుకు తీసేవాళ్ళు. కూర్చున్నవాళ్ళయితే దిగాల్సిన చోటు దాటిపోయి, చివరి స్టాపులో కళ్ళు నులుముకుంటూ లేచి, నా మీద విసుక్కుని, వెనక్కి మళ్ళీ టికెట్టు కొనుక్కునేవాళ్ళు. నేను ఆ బస్సులో కండక్టర్ని. చాలా ఏళ్ళు ఆయన ముందు, నేను వెనక. ఆయన నాకు అన్న, ఆయన భార్య నాకు వదిన. రక్త సంబంధమేమీ లేదు. రోజంతా ఒకే ఇంజను వేడికి ఉడికినవాళ్ళకు వేరే చుట్టరికం అక్కర్లేదు.

వాళ్ళకు ఒక్కడే కొడుకు. పెద్ద పెద్ద భవనాలకు రంగులు వేసే పనిలో ఉండేవాడు. చేతివాటం మంచిదని మేస్త్రీలు వాణ్ణి పోటీలు పడి పిలిచేవాళ్ళు. ఒకరోజు గోడకు కట్టిన పరంజా మీద పలక జారి కింద పడ్డాడు. ప్రాణానికి ఏమీ కాలేదు, కానీ నడుం దెబ్బతింది. డాక్టరు నొప్పికి మాత్రలు రాసిచ్చాడు. అవి వేసుకుంటే నొప్పి పోయేది, దాంతోపాటు దిగులూ పోయేది. డాక్టరు ఇక చాలన్నాడు. వాడి ఒళ్ళు చాలనలేదు. చీటీ లేకుండా మాత్రలమ్మే మనుషులు ఎక్కడుంటారో వాడు తొందరగానే తెలుసుకున్నాడు.

తర్వాత ఇంట్లో వస్తువులకు కాళ్ళొచ్చాయి. మొదట అన్న చేతి గడియారం. తర్వాత మిక్సీ. తర్వాత వదిన చెవి కమ్మలు, వాటిని వెనక్కి తెచ్చుకోవడానికి ఆమె ఎంత తిరిగిందో నాకు తెలుసు. ఒకరోజు అన్న డ్యూటీ నుంచి వచ్చి చూస్తే వంటింటి గట్టు మీద గ్యాస్ పొయ్యి లేదు, పొయ్యి ఉండాల్సిన చోట జిడ్డు మరక మాత్రం ఉంది. వదిన ఆ మరకను పీచుతో రుద్దుతోంది. “రేపు కొందాంలెండి” అంది తలెత్తకుండా. ఆ తర్వాత పక్కింటివాళ్ళ సైకిలు పోయింది. వీధంతా వీళ్ళ గుమ్మం ముందుకొచ్చి నిలబడింది. తన కష్టం మీద బతికిన మనిషి, ఒకరి చేత మాట పడని మనిషి, ఆ రోజు చేతులు కట్టుకుని అందరి మాటలూ పడ్డాడు. మర్నాడు కొడుకు బట్టలు సంచిలో పెట్టి గుమ్మం బయట ఉంచాడు.

వాడు వెళ్ళాడు. వెళ్ళి, ఎవరూ లేనప్పుడు వెనక కిటికీ ఊచ వంచి లోపలికొచ్చాడు. ఊచ మార్పించారు, మళ్ళీ వచ్చాడు. ఇక ముఖం చెల్లక, నగరానికి ఇంకో చివర, ఎవరికీ తెలియని చోట ఇల్లు చూసుకున్నారు. అన్న రూటు మార్పించుకున్నాడు. ఆయన బస్సుతోపాటు నేనూ మారాను.

కొత్త ఇల్లు ఒక ఇరుకు సందు చివర. వరసగా మూడు గదులు, వెనక బట్టలుతుక్కునే చోటు. ఎదురింట్లో సోఫాలు తయారుచేసే ఆయన ఉండేవాడు. ఇంటి ముందు భాగమంతా ఆయన పనిచోటే. చెక్క ఫ్రేములు, స్పాంజి, కుర్చీల అడుగున బిగించే కాన్వాసు పట్టీలు సందులోకి కూడా పరుచుకుని ఉండేవి. ముగ్గురు నలుగురు పనివాళ్ళు ఎప్పుడూ సుత్తులతో టకటకమంటూ ఉండేవాళ్ళు. మనిషి మంచివాడు. సామాను దింపుతున్న రోజు తనే వచ్చి మంచానికి ఓ చెయ్యి వేశాడు. మంచం గుమ్మం దాటాక చెమట తుడుచుకుంటూ అడిగాడు.

“పిల్లలెంతమందండీ?”

“లేరండీ” అన్నాడు అన్న.

గిన్నెల బుట్ట మోస్తున్న వదిన గుమ్మంలో ఆగింది. తర్వాత లోపలికి నడిచింది. ఆ సాయంత్రం నేనింకా అక్కడే ఉన్నాను. ఆమె అన్నం వడ్డించింది గానీ కూర్చోలేదు.

“లేరనడానికి మీకు నోరెలా వచ్చిందండీ?”

“ఉన్నాడంటే ఏం చేస్తాడని అడుగుతారు. ఏం చెప్పమంటావ్?”

ఆయన కంచంలో అన్నం చాలాసేపు కెలికి, కెలికి, చెయ్యి కడుక్కున్నాడు.

కొన్నాళ్ళు బాగానే గడిచింది. బాగానే అంటే, ఇంట్లో పెట్టిన వస్తువు పెట్టిన చోటే ఉండేది. అన్న బస్సులో మళ్ళీ నాతో వేళాకోళాలాడేవాడు. అలా ఉండగా ఒక మధ్యాహ్నం జనం తక్కువగా ఉన్న ట్రిప్పులో వాడు మా బస్సెక్కాడు.

నేను మొదట గుర్తుపట్టలేదు. ఏపుగా ఉండే కుర్రాడు సగమైపోయాడు. చివరి సీట్లో కిటికీ పక్కన కూర్చున్నాడు. నేను దగ్గరికెళితే “బాగున్నావా బాబాయ్” అని, టికెట్టుకు చిల్లర సరిగ్గా లెక్కపెట్టి ఇచ్చాడు. అద్దం వైపు చూడలేదు. ముందు నుంచి అన్న చూశాడు. నాకెలా తెలుసంటే, ఆ తర్వాత స్టాపుల్లో ఆయన నోటి నుంచి ఒక్క ‘నిదానం’ కూడా రాలేదు. చివరి స్టాపులో వాడు దిగి, బస్సు ముందు నుంచి రోడ్డు దాటి, అవతల పేవ్‌మెంటు మీద నిలబడి మమ్మల్ని చూస్తూ ఉన్నాడు. అన్న స్టీరింగ్ పట్టుకుని అలాగే కూర్చున్నాడు. మేము బయల్దేరేటప్పటికి వాడక్కడ లేడు.

“ఇల్లు కనిపెట్టేస్తాడు తమ్ముడూ” అన్నాడు ఆయన. గేరు మార్చి, “దొంగలొస్తే మోగే యంత్రాలు ఉంటాయంటగా, నీకు తెలిసినవాళ్ళెవరైనా ఉన్నారా?” అని అడిగాడు.

సెలవు రోజున అలారం బిగించేవాణ్ణి పిలిపించాం. ఆ యంత్రాల గొడవ తనకు అర్థం కాదని నన్నూ రమ్మన్నాడు. వచ్చినవాడు హుషారైన మనిషి. భుజాన సంచి, చేతిలో డ్రిల్లు, నోట్లో స్క్రూలు పెట్టుకుని కూడా మాట్లాడగలడు. తలుపుకొక ముక్క, ద్వారబంధానికొక ముక్క బిగించాడు. తలుపు మూసి ఉన్నంతసేపూ ఆ రెండూ దగ్గరగా ఉంటాయి. తెరిస్తే దూరమవుతాయి. అవి దూరమైతే గుమ్మం పక్కనున్న డబ్బాకు తెలుస్తుంది. డబ్బా కాసేపు కీచుమంటుంది. ఆలోగా మీటలు నొక్కి నంబరు చెప్పాలి. చెప్పకపోతే బయట గోడకున్న సైరన్ మోగుతుంది, ఇంటాయన ఫోనుకు కబురొస్తుంది. వెనక తలుపుకీ, కిటికీకీ కూడా అలాగే. ముందు గది మూలలో మనిషి కదిలితే పసిగట్టే కన్నులాంటిది ఒకటి పెట్టాడు.

“కెమెరా కూడా పెట్టేయమంటారా? ఫోన్లో ఇల్లంతా కనబడుతుంది.”

“కెమెరా వద్దు” అంది వదిన. “ఇంట్లో పని చేసుకుంటుంటే ఎవరో చూస్తున్నట్టుంటుంది నాకు.”

సరేనన్నాడు అన్న. అలారం అతను డబ్బా మీద మూత బిగిస్తూ అడిగాడు. “నంబరు ఎంతమందికి కావాలండీ? ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కోటి పెట్టుకోవచ్చు. ఎవరు తీశారో మీకు ఫోన్లో తెలుస్తుంది.”

“ఇద్దరం.”

“వచ్చిపోయేవాళ్ళు? కొడుకో, కూతురో...”

“ఇద్దరమే. ఇద్దరికీ ఒకటే పెట్టు.”

“సరే. పుట్టినరోజులు మాత్రం పెట్టకండి. ఈ దొంగతనాల్లో సగం బాగా తెలిసినవాళ్ళే చేస్తారు, పుట్టినరోజులు వాళ్ళకే తెలుస్తాయి.” తను చెప్పిన మాటకు తనే నవ్వాడు. వదిన వంటింట్లోకి వెళ్ళిపోయింది. అన్న ఒక పాత బస్సు నంబరు చెప్పాడు. ఎప్పుడో తుక్కు కిందకి పోయిన బస్సు అది.

చివర్లో సైరన్ పరీక్షించారు. ఆ చప్పుడుకి సందంతా బయటికొచ్చింది. సోఫాల ఆయన పనివాళ్ళతో సహా పరుగెత్తుకొచ్చి, సంగతి తెలిశాక నవ్వి, “మంచి పని చేశారు. మీరు బస్సు మీదుంటారు, అమ్మగారు ఒక్కరే. ఇది మోగిందంటే మేమున్నాం” అన్నాడు. అన్న ఆయన రెండు చేతులూ పట్టుకుని దణ్ణం పెట్టినంత పని చేశాడు.

అప్పటికే ఆ ఇంట్లో జరుగుతున్నది మా ఇద్దరికీ తెలియదు. అదంతా వదిన తర్వాత ఆసుపత్రి వరండాలో నాతో చెప్పింది. కొడుకు ఇల్లు కనిపెట్టి చాలా రోజులైంది. అన్న డ్యూటీకి వెళ్ళాక, సోఫాలవాళ్ళు భోజనానికి సుత్తులు దించే వేళ చూసి వచ్చేవాడు. ఆమె అన్నం పెట్టేది. తిని, వంటింటి గచ్చు మీద కాసేపు పడుకుని వెళ్ళిపోయేవాడు. ఒకసారి ఆమె బజారు నుంచి రావడం ఆలస్యమైతే ఎండలో గోడ పక్కన నక్కి నిలబడి ఉన్నాడట. అది చూడలేక తాళంచెవి ఒకటి చేయించి ఇచ్చింది. అలారం పెట్టాక, తను ఇంట్లో ఉన్నంతసేపూ దాన్ని ఆపి ఉంచేది కాబట్టి వాడికి దాని సంగతి తెలియాల్సిన అవసరం రాలేదు. గుమ్మం పక్కనున్న డబ్బా ఏంటమ్మా అంటే కరెంటుదని చెప్పిందట.

“ఏమని చెప్పను మరిదీ? నిన్ను చూసి భయపడి పెట్టాం నాయనా అని చెప్పనా?” అంది.

ఆమెకు దవడ పన్ను పుచ్చి కొన్నాళ్ళుగా ముఖం వాచి ఉంది. పీకించుకోక తప్పదన్నారు. వెళ్ళే రోజు కొడుక్కి చెబుదామంటే వాడి ఫోను అమ్ముకుని ఎన్నాళ్ళో అయింది. అలారం ఆపేసి వెళదామా అంటే, ఆపి ఉందని అన్న ఫోన్లో కనబడుతుంది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఎందుకాపావంటే ఏం చెప్పాలి? వాడు రోజూ రాడు కదా, ఇవాళ రాడులే అని మనసుకు సర్దిచెప్పుకుని, నంబరు నొక్కి, తలుపు వేసుకుని వెళ్ళింది.

వాడు ఆ రోజే వచ్చాడు.

మేము రూటు మీదున్నాం. అన్న చొక్కా జేబులో ఫోను బర్రుబర్రుమనడం ముందు సీట్లోవాళ్ళకు కూడా వినబడుతోంది. బండి నడుపుతూ ఫోను ముట్టుకోని మనిషి ఆయన. “అన్నా, పక్కకాపి చూడు” అన్నాను. “జనముంది తమ్ముడూ” అన్నాడు. చివరి స్టాపుకి వచ్చి, ఇంజను ఆపి, అప్పుడు తీశాడు. ముందు తలుపు, ముందు గది అని కబుర్లు వరసగా వచ్చి ఉన్నాయి. సోఫాల ఆయనకు ఫోన్ చేశాడు. నేను పక్కనే ఉన్నాను. ట్రిప్పుల టైము రాసుకునే కంట్రోలరు కిటికీ దగ్గరికొచ్చి నిలబడ్డాడు. ఎక్కడానికి కొందరు మెట్ల మీద కాలు పెట్టి చూస్తున్నారు.

సోఫాల ఆయన గొంతు పెద్దది. సైరన్ చప్పుడులో వినబడాలని ఇంకా గట్టిగా మాట్లాడాడు. ఆ మాటలు నాకూ, కంట్రోలరుకూ, ముందున్న నలుగురికీ వినబడ్డాయి.

“దొరికాడండీ. మా కుర్రాళ్ళు పట్టుకున్నారు. పారిపోను కూడా పోలేదు, ఎంత ధైర్యమో. మీ అబ్బాయినని చెబుతున్నాడు. మీకు పిల్లల్లేరన్నారు కదా?”

అన్న పెదాలు కదిలాయి. ఆయన ఒకసారి కంట్రోలరు వైపు చూశాడు, ఒకసారి నా వైపు చూశాడు. అవతల సోఫాల ఆయన “హలో, హలో” అంటున్నాడు.

“వస్తున్నా” అన్నాడు అన్న. “నేనొచ్చేదాకా పట్టుకుని ఉండండి.”

ఫోను పెట్టేశాడు.

బస్సు కంట్రోలరుకి అప్పగించి ఆటో ఎక్కాం. ఆటోలో ఆయన మళ్ళీ ఫోన్ చేశాడు. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ చేశాడు. అవతల మోగుతూ ఉంటే, ఫోను చెవికి ఆనించుకుని, “మావాడేనండీ, కొట్టకండి. మావాడేనండీ” అని ఎత్తని ఫోనుతో చెబుతూ కూర్చున్నాడు. ఆటో అతను అద్దంలోంచి నన్ను చూశాడు. నేను ముఖం తిప్పుకున్నాను.

సందు మొదట్లోంచే సైరన్ వినబడింది. ఎలా ఆపాలో ఎవరికీ తెలియక అది అలా మోగుతూనే ఉంది. జనాన్ని తోసుకుని వెళ్ళాం. గుమ్మం పక్కన గోడకు ఆనించి వాణ్ణి కూర్చోబెట్టారు. చేతులు వెనక్కి విరిచి కాన్వాసు పట్టీతో కట్టేశారు. చెవిలోంచి రక్తం కారి మెడ మీద ఎండింది. ఒక కన్ను మూసుకుపోయింది. పనివాడొకడు సోఫా కాలు చేతిలో పట్టుకుని, చేయాల్సిన పని చేసినవాడిలా నిలబడి ఉన్నాడు.

“చూడండి” అన్నాడు సోఫాల ఆయన, రొప్పుతూ. “అమ్మగారి కమ్మలు జేబులో పెట్టుకున్నాడు. పైగా కంచంలో అన్నం పెట్టుకుని తింటున్నాడండీ, ఇంత మోత మోగుతుంటే.”

అన్న కొడుకును చూశాడు. చూసి, వాణ్ణి దాటుకుని లోపలికెళ్ళాడు. ఎందుకలా చేశాడో ఆయనే తర్వాత చాలాసార్లు నన్ను అడిగాడు, నాకు తెలిసినట్టు. వెళ్ళి డబ్బా మీద నంబరు నొక్కాడు. సైరన్ ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో బయటికొచ్చి, వాడి వెనక మోకాళ్ళ మీద కూర్చుని, పట్టీ ముడి విప్పడం మొదలుపెట్టాడు. ముడి గట్టిగా బిగుసుకుంది. రావట్లేదు.

“మావాడు” అన్నాడు, ముడి చూస్తూనే. “మావాడండీ.”

సోఫా కాలు పట్టుకున్నవాడు దాన్ని చప్పుడు కాకుండా కింద పెట్టాడు. సోఫాల ఆయన తను పట్టీలు కోసే కత్తి తెచ్చి, ఆ ముడి తనే కోశాడు. కోస్తుంటే ఆయన కళ్ళలోంచి నీళ్ళు బొటబొటా రాలాయి.

అప్పుడే వదిన వచ్చింది. పన్ను పీకిన చోట దూది కుక్కి ఉంది, దవడ మొద్దుబారి ఉంది. జనాన్ని, కొడుకును, మొగుణ్ణి చూసింది. నోరు తెరిచింది. దూదితో నిండిన ఆ నోట్లోంచి మాట కాని ఏదో చప్పుడు వచ్చింది. అలాంటి చప్పుడు నేను మళ్ళీ వినలేదు, వినాలనీ లేదు.

ఆసుపత్రిలో వాడికి పక్కటెముకలు విరిగాయని, మణికట్టు విరిగిందని, ఎడమ చెవి ఇక వినబడదని చెప్పారు. పోలీసు ఒకాయన వచ్చి మంచం పక్కన నిలబడి, ఎవరెవరు కొట్టారని అడిగాడు. వాడు తెలియదన్నాడు. కేసు పెడతావా అంటే పెట్టనన్నాడు. ఆయన వెళ్ళాక అన్న దగ్గరికి జరిగి, “ఎందుకురా, పెట్టు. నేను సాక్ష్యం చెబుతాను” అన్నాడు.

“వాళ్ళదేముంది నాన్నా. నువ్వు చెప్పిందే నమ్మారు.”

ఆ గొంతులో కోపం లేదు. దెప్పిపొడుపూ లేదు. టైమెంతైందంటే చెప్పినట్టు చెప్పాడు. అన్న మంచం ఇనప కడ్డీ పట్టుకున్నాడు.

“మోగగానే వెళ్ళిపోవాల్సిందిరా.”

“అమ్మ ఉందనుకుని వచ్చాను. తలుపు తీయగానే డబ్బా కీచుమంది. నంబరడుగుతోంది కదా అని నా పుట్టినరోజు కొట్టాను.” వాడు కాసేపు ఊపిరి కూడదీసుకున్నాడు. “కాదంది. మళ్ళీ కొట్టాను. అప్పుడర్థమైంది అది ఎవరికోసం పెట్టారో. ఇక వెళ్ళబుద్ధి కాలేదు. ఆకలేస్తోంది, అన్నం పెట్టుకున్నాను.”

“మరి కమ్మలు?” అని వదిన అడగలేదు. అన్నా అడగలేదు. వాడే చెప్పాడు. “కమ్మలు కూడా తీశాను. అది అబద్ధం కాదు.”

ఇంటికి తీసుకొచ్చారు. సందులోవాళ్ళు పళ్ళు తెచ్చారు, పాలు తెచ్చారు. సోఫాల ఆయన వాడి నడుముకు నొప్పి తెలియకుండా ఉండాలని కొత్త స్పాంజితో పరుపు కుట్టి మోసుకొచ్చాడు. వాడు అందరికీ నమస్కారం పెట్టేవాడు. పని మొదలై సుత్తి చప్పుడు వినబడితే మాత్రం వినబడే చెవిని దిండుకేసి అదిమి పడుకునేవాడు. అన్న సెలవు పెట్టి, వాడికి స్నానం చేయించడం, గడ్డం గీయడం అన్నీ తనే చేశాడు. నంబరు ఇదిరా అని చెప్పాడు. వాడు తలూపాడు గానీ, గుమ్మం వైపు వెళ్ళనే లేదు.

కొన్నాళ్ళకి వదిన సంచి సర్దింది.

“వాడు ఈ సందులో తలెత్తుకుని తిరగలేడు. మీరు తిరగగలరు. మీరుండండి” అంది.

“నేనూ వస్తాను.”

“మీరొస్తే వాడు నిద్రపోడు.”

అన్న అడ్డుపెట్టలేదు. అడ్డుపెట్టే హక్కు తనకెక్కడుందన్నాడు నాతో. బట్టలుతికి ఇస్త్రీ చేసే పెద్ద దుకాణం ఒకదాంట్లో ఆమెకు పని దొరికింది. దాని వెనకాలే ఒక గది. రోజంతా దుప్పట్లకు ఇస్త్రీ పెట్టి, వాడికి వండిపెట్టేది. అన్న సెలవు రోజున వెళ్ళేవాడు. నేనూ రెండు మూడుసార్లు తోడెళ్ళాను. గదంతా ఆవిరి వాసన. వాడు మంచం అంచున కుడి చెవి మావైపు తిప్పి కూర్చునేవాడు. ఒకసారి నేను డిపోలో కొత్తగా చేరిన డ్రైవరు ఒకడి బ్రేకు గురించి, ఆ కుదుపులకు ముసలమ్మ ఒకామె వెళ్ళి పక్కసీటాయన ఒళ్ళో కూర్చోవడం గురించి చెబితే వాడు నవ్వాడు. పక్కటెముకలు పట్టుకుని మరీ నవ్వాడు. అన్న ఆ నవ్వును చూస్తూ, కప్పులో చల్లారిపోయిన టీ అలాగే పట్టుకుని కూర్చున్నాడు. తిరిగొచ్చేటప్పుడు దారంతా “నవ్వాడు కదా తమ్ముడూ” అన్నాడు.

మాత్రలు వాణ్ణి వదల్లేదు. ఇప్పుడు నడుముతోపాటు ఎముకల నొప్పి కూడా తోడైంది. వదిన దాచినవాటికి, పారబోసినవాటికి, కాళ్ళు పట్టుకుని బతిమాలి మాన్పించిన రోజులకు లెక్కలేదు. చలికాలంలో ఒక పొద్దున ఆమె టీ కాచి లేపబోతే వాడు లేవలేదు. పడుకున్నవాడు పడుకున్నట్టే ఉన్నాడు. కబురందగానే డిపో నుంచి మేమందరం వెళ్ళాం. సోఫాల ఆయన కూడా వచ్చాడు, కానీ వీధి మలుపు దాకా వచ్చి అక్కడే ఆగిపోయాడు. అన్న ఏడవలేదు. వాడి కాళ్ళ దగ్గర కూర్చుని, దుప్పటి అంచు మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టాడు. ఎవరో లేపేదాకా ఆ పనే చేస్తూ ఉన్నాడు.

అంతా అయ్యాక వదినను ఇంటికి రమ్మన్నాడు. ఆమె ఇస్త్రీ పెట్టె నీళ్ళు చూసుకుంటూ, “ఇక్కడే ఉంటానండీ” అంది.

“కోపమా?”

“కోపమైతే ఎప్పుడో ఒకప్పుడు పోయేది.”

అంతకు మించి వాళ్ళిద్దరి మధ్యా మాటలు జరిగినట్టు నాకు తెలియదు.

అన్న మళ్ళీ డ్యూటీకి వచ్చాడు గానీ, ఆ చెయ్యి ఇక ఆ చెయ్యి కాదు. స్టాపులో ఎవరూ లేకపోయినా ఆపేవాడు. ఆపి, తలుపు తెరిచి, అద్దంలో చివరి సీటు వైపు చూస్తూ ఉండిపోయేవాడు. నేను వెనక నుంచి విజిలేస్తే ఉలిక్కిపడి కదిలించేవాడు. ప్రయాణికులు తిట్టుకున్నారు. మేనేజరు పిలిచి మందలించాడు, తర్వాత ఇంకోసారి పిలిచి జాలిపడ్డాడు. అన్న తనే అడిగి, రూటు మీద నుంచి తప్పుకున్నాడు.

ఇప్పుడాయన పని డిపో లోపలే. ట్రిప్పులు ముగించుకొచ్చిన బస్సులను కడిగే చోటికి తీసుకెళ్ళడం, కడిగాక తెచ్చి వరసలో నిలబెట్టడం. నేను డ్యూటీ దిగి వెళుతుంటే కనబడతాడు. ఖాళీ బస్సు, తడి అద్దాలు, లోపల ఆయన ఒక్కడే. చెయ్యెత్తితే చెయ్యెత్తుతాడు. ఒక్కోరోజు ఎత్తడు, నన్ను చూడనే చూడడు. నేను కాసేపు గేటు దగ్గర నిలబడి, తర్వాత ఇంటికి వెళ్ళిపోతాను.